రెక్కలు ముడిచిన బొమ్మల పుస్తకం

మా ఆవిడకు జర్మనీలో ఉద్యోగం ఖాయమైన రోజు నన్ను ఒక్కటే అడిగింది. "సారూ, అక్కడి రెక్కల పురుగుల పుస్తకం ఒకటి మంచిది చూసి తెప్పియ్యి. ఆదివారాలు ఏం చెయ్యాలె నేను?" నన్ను సారూ అనడం ఎగతాళికే. నేను ధారూర్‌లో బడిపంతులిని. ఆమె అప్పటికి వికారాబాద్‌లో నర్సు.

మాకు ఈ పురుగుల పిచ్చి తాండూరు స్టేషన్‌లో పట్టుకుంది. పొద్దున ఇద్దరం ఒకే బండి ఎక్కేవాళ్ళం. నేను ధారూర్‌లో దిగితే ఆమె ముందుకు పోయేది. బండి వచ్చేదాకా గోడ చూసేవాళ్ళం. రాత్రంతా వెలిగిన ట్యూబులైటు కింద, దీపానికి వచ్చిన పురుగులు రెక్కలు ముడుచుకుని గోడకు అంటుకుని ఉండేవి. పేర్లు తెలియవు కాబట్టి మేమే పెట్టుకున్నాం. ఒకటి ఎండుటాకు, ఒకటి సున్నపుబొట్టు, లావు పొట్టది పట్వారీ. ఒక్కదానికి మాత్రం ఆమె పేరు పెట్టనిచ్చేది కాదు. "గిది మా కందిచేను తినేది. పచ్చపురుగు తల్లి. దీనికి పేరెందుకు?" అనేది. యాలాల్ దగ్గరి రైతు బిడ్డ. రెక్క మీద కిడ్నీలాంటి మచ్చను చూసి గుర్తుపట్టేది.

వెతికితే పుస్తకాలు రెండు తేలాయి. ఒకదాంట్లో గుండుసూదులు గుచ్చి, రెక్కలు విప్పి పరిచిన పురుగుల ఫొటోలు. ఇంకోదాంట్లో చేత్తో గీసిన బొమ్మలు, అచ్చం గోడ మీద కూర్చున్నట్టే రెక్కలు ముడుచుకుని. ఏది కావాలో మొదటి రోజే నాకు తెలిసిపోయింది. రెక్కలు పరిచి చూపించే పురుగు మాకు స్టేషన్‌లో ఎప్పుడు దొరికింది గనక? ఐదు నిమిషాల పని. నేను నాలుగు నెలలు చేశాను.

"పుస్తకం ఏమైంది?"

"చూస్తున్న."

ఒకటి బరువన్నాను. ఒకదాంట్లో కొన్ని దేశాల పురుగులు లేవన్నాను. అసలు సంగతి వేరు. పుస్తకం ఇంటికొస్తే ఆమె పోతున్నట్టే అనిపించేది. పోవద్దని అనలేదు. పొమ్మనీ అనలేదు. నిర్ణయం ఇద్దరిదే, ఆమె జర్మన్ మాటలు వల్లె వేస్తుంటే పాఠం చూసి తప్పులు దిద్దింది నేనే. బాధ కూడా సరిగా లేదు. పన్ను పీకే ముందు సూది వేస్తే దవడ మొద్దుబారినట్టు ఉండేది, అంతే.

చివరిసారి సూట్‌కేసుకు తాళం వేస్తూ అడిగింది. "ఒక్క పుస్తకం. గంతే కదా అడిగిన."

నేను సూట్‌కేసు లేపి బరువు చూశాను. ఆమె మళ్ళీ అడగలేదు.

ఆమె వెళ్ళిన మర్నాడు ఆర్డరు పెట్టాను. అదీ నా తెలివి. పుస్తకం తాండూరుకే వచ్చింది. అట్టపెట్టె విప్పకుండా బీరువా మీద పడేశాను. స్టేషన్‌లో గోడవైపు చూడడం మానేశాను. ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. "తిన్నవా?" "తిన్న. నువ్వు?" "తిన్న." అంతే, పెట్టేసేవాళ్ళం. రోజూ వచ్చే ఫోను వారానికొకటి అయింది. అది కూడా నాకు పెద్దగా తగల్లేదు. తగలకపోవడం చూసి కొంచెం భయం వేసింది.

ఇక్కడ కంది మొలకెత్తిన రోజుల్లో ఓ ఆదివారం మధ్యాహ్నం ఆమె దగ్గర్నుంచి ఫొటో వచ్చింది. ఆమె పనిచేసే వృద్ధాశ్రమంలో బట్టలుతికే గది గోడ. దాని మీద గోధుమరంగు పురుగు, రెక్కలు ముడుచుకుని. కింద రాసింది: "ఏందిది సారూ?"

సారూ అని నెలల తర్వాత అంది. కుర్చీ వేసుకుని బీరువా మీది పెట్టె దింపి, అట్ట చింపాను. పేజీ పేజీ తిప్పాను. రెక్క మీది మచ్చ దగ్గర వేలు ఆగింది. వెంటనే ఫోన్ చేశాను.

"దొరికింది! నువ్వు నమ్మవు, గిది మన కందిచేను పురుగే. దక్షిణం నుంచి ఎగురుకుంట అక్కడిదాక వస్తదట." ఆ పేజీలో ఉన్నదంతా తెలుగులో చెప్పుకుంటూ పోయాను. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు.

చివరికి అంది. "అది నాకు తెల్వదా? చూడంగనే గుర్తుపట్టిన."

"మరి ఎందుకు అడిగినవ్?"

"నువ్వు మాట్లాడుతవేమోనని."

పుస్తకం ఏది కావాలో మొదటి రోజే తెలుసని అప్పుడు చెప్పాను. నాలుగు నెలలు ఎందుకు తిప్పానో కూడా చెప్పాను. ఆమె ఫోను పెట్టేయలేదు.