ఖాళీ పెట్టె మీద చిరునామా

మా అక్క మొగుడికి ఇంట్లో పేరు ‘ఇదిగో’. ఎవరేం అడిగినా “ఇదిగో, అయిపోవచ్చింది” అంటాడు కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను. మనిషి వడ్రంగి. సొంత ఇంటి వీధి తలుపుకి గడియ ఊడిపోయి నాలుగేళ్ళయింది. మా అక్క ఇప్పటికీ తలుపుకి కుర్చీ అడ్డం పెట్టి పడుకుంటుంది. అడిగితే ఇదిగో.

అలాగని బద్ధకస్తుడు కాదు. నేనెంత వెక్కిరించినా ఆ మాట మాత్రం ఒప్పుకోను. కుర్చీ కాళ్ళు చేసే ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు, చెక్కని గుండ్రంగా తిప్పి కోసే లేత్ మిషన్ ముందు నిలబడ్డాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక పాత మిషన్ ఒకటి తెచ్చి ముందుగదిలో బిగించుకున్నాడు. ఓసారి పక్కింటాయన చదరంగంలో పోయిన బంటుకి బదులు కొత్తది చేసిచ్చాడు. మిగతా ఏడింటి పక్కన పెడితే కొత్తదేదో పక్కింటాయనే పోల్చుకోలేకపోయాడు. దాని ఫోటో తీసి నేను ఆన్‌లైన్‌లో పెట్టాను. ప్రపంచంలో ఇంతమంది ఇన్ని పావులు పోగొట్టుకుని దిగులుగా కూర్చున్నారని అప్పటిదాకా మాకు తెలియదు. పై దేశాల నుంచి ఫోటోలు, కొలతలు రావడం మొదలైంది. బావ చెక్కుతాడు, అక్క గుడ్డలో చుట్టి పెట్టెలో పెడుతుంది, ఉత్తరాలు నేను రాస్తాను. ఇంట్లో నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చినదాన్ని నేనే కదా.

అక్కడే వచ్చింది తంటా. ఆర్డరు వచ్చిన అయిదు రోజుల్లో సరుకు పంపకపోతే ఆ వెబ్‌సైట్‌లో మా దుకాణం పేరు పక్కన ‘ఆలస్యం’ అని ఎర్రక్షరాలు పడతాయి. బంటునైతే బావ ఒక పూటలో తిప్పేస్తాడు. గుర్రం అలా కాదు. దాని తల మిషన్ మీద రాదు, చిన్న ఉలితో చేత్తోనే చెక్కాలి. ఒక్కో గుర్రానికి రెండు మూడు వారాలు పడుతుంది. ముక్కు దగ్గర చెయ్యి జారిందంటే మళ్ళీ మొదటికే.

దానికి ఉపాయం కనిపెట్టింది కూడా నేనే. అయిదో రోజున చిరునామా చీటీ, పార్సిల్ నంబరు ఇంట్లోనే ప్రింటు తీసి ఖాళీ పెట్టెకి అంటించేదాన్ని. ‘పంపేశాం’ అన్న బటన్ నొక్కేసి పెట్టెని లేత్ కింద చెక్కపొట్టులోకి తోసేదాన్ని. ముందు పెట్టె, తర్వాత గుర్రం. మా ఇంటి పద్ధతి అదే అయిపోయింది.

“తప్పు కాదుటే?” అంది అక్క మొదట్లో.

“అందరూ చేసేదేలే” అన్నాను. ఆ అందరూ ఎవరో నాకూ తెలియదు.

ఒకసారి పై దేశం నుంచి ఒక టీచరమ్మ నల్లగుర్రం అడిగింది. ఆవిడ తండ్రి ఓడల్లో ఇంజనీరుగా చేసి ఇంటిపట్టున ఉంటున్నాడట. గుర్రం పోయిన చోట మందుసీసా మూత పెట్టుకుని ఆడుతున్నాడట. ఆ మూతని చూసి నవ్వూ వస్తోంది, జాలీ వేస్తోంది అని రాసింది. అయిదో రోజున నేను బటన్ నొక్కాను. బావ మొదలుపెట్టిన గుర్రానికి చెవి విరిగింది. రెండోదానికి చెక్కలో ముడి బయటపడింది. మూడోది, ఇదిగో.

ఇరవయ్యో రోజున టీచరమ్మ మర్యాదగా అడిగింది. ఇక్కడ వానలు, విమానాలు ఆగిపోయాయి అని రాశాను. ఆ వారమంతా ఎండ మాడ్చేస్తోంది. ముప్ఫయ్యో రోజున మళ్ళీ అడిగితే కస్టమ్స్ మీదికి తోశాను. నలభయ్యో రోజున, నంబరు మీ ఊరి పోస్టాఫీసులోనే నమోదైనట్టు కనిపించడం లేదే అని అడిగింది. నాకు చిరాకేసింది. తప్పు చేసేవాళ్ళకే కోపం ముందొస్తుంది కాబోలు. “నాలుగో తారీకున మా పోస్టాఫీసు కౌంటర్లో మా చేతులతో ఇచ్చాం. నమోదు చేయకపోవడం వాళ్ళ నిర్లక్ష్యం” అని రాసి పడేశాను. రాసి, హాయిగా అన్నం తిన్నాను.

మా పోస్టాఫీసులో పార్సిళ్ళ కౌంటర్ ఒక్కటే. అక్కడుండే పెద్దావిడని మేం ‘ముద్రమ్మ’ అంటాం. ఆవిడ ముద్ర వేస్తే బల్ల మీద కలాలు ఎగిరిపడతాయి. బావ పెట్టెలకి టేపు చాలకపోతే తన సొరుగులోంచి తీసి అంటిస్తుంది. “ఈసారి ఏ జంతువయ్యా?” అని నవ్వుతుంది. ఏనాడూ మూత తీసి చూడలేదు. ఆ మధ్య కంటి ఆపరేషన్ అయింది. రిటైరవడానికి అప్పటికి ఇంకా మూడు నెలలుంది.

ఒక ఆదివారం పొద్దున తలుపు దగ్గర ముద్రమ్మ నిలబడి ఉంది. కౌంటర్ బయట ఆవిడని చూడటం మాకదే మొదటిసారి. ఇంత పొట్టిగా ఉంటుందని కూడా తెలియదు. అక్క కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది. ఆవిడ తాగకుండా గ్లాసు ఒళ్ళో పట్టుకుని కూర్చుంది.

“బాబూ, నీకు ముఖం ఎలా చూపించాలో తెలియక మూడు రోజుల్నుంచీ తిరుగుతున్నాను” అంది బావతో. “నీ పార్సిలొకటి నా చేతిలో పోయింది.”

బావ చేతిలో నల్లగుర్రం ఉంది. జూలు మీద గరుకు కాగితం రుద్దడమొక్కటే మిగిలింది. దాన్ని గుప్పిట్లో మూసేశాడు.

“అక్కడావిడ ఫిర్యాదు చేసింది. నాలుగో తారీకున నాకిచ్చినట్టు మీరు రాసిన ఉత్తరం కూడా జతచేసింది. నా పుస్తకంలో లేదు. వెనక గదిలో సంచులన్నీ బోర్లించి వెతికాను. నువ్వు అబద్ధం రాసే మనిషివి కాదు. నా కళ్ళే సరిగా లేవు, ఎక్కడో పడేసుంటాను. రేపు పొరపాటు నాదేనని రాసిచ్చేస్తాను. ముప్ఫయ్యారేళ్ళలో ఒక్క ఉత్తరం కూడా పోగొట్టలేదని చెప్పుకునేదాన్ని. పోనీలే. నంబరు రాసుకోవాలి, మీ దగ్గరి చీటీ ఒకసారి ఇస్తావా అమ్మాయ్?”

చివరి మాట నాతో అంది. రసీదంటూ లేనే లేదు. నంబరున్న చీటీ ఒక్కటే, అదెక్కడుందో నాకు తెలుసు. ఆవిడ కాలికి మూరెడు దూరంలో, లేత్ కింద ఉంది. నేను బావని చూశాను, బావ నేలని చూశాడు. ఆ క్షణంలో కూడా నా బుర్ర ఒక కొత్త అబద్ధం కోసమే వెతికింది. చీటీ చిరిగిపోయిందందామా, ఎలక కొరికేసిందందామా అని. సిగ్గులేని బుర్ర.

బావే వంగాడు. పెట్టె బయటికి లాగి, చేత్తో పొట్టు దులిపి ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

“మీకు ఇవ్వలేదమ్మా” అన్నాడు. “ఇంకా అవనే లేదు.”

“పంపేశామని రాసింది నేను” అన్నాను. గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ అన్నాను.

ముద్రమ్మ పెట్టెని కళ్ళకి దగ్గరగా పట్టుకుని నంబరు చదివింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. మూత తీసి లోపలికి చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

“అమ్మయ్య!” అంది. “అయితే నా కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట.”

అప్పుడు నీళ్ళు తాగింది. గ్లాసు కింద పెట్టి, “రేపు పట్టుకురండి, నేనే కట్టి పంపుతాను” అని వెళ్ళిపోయింది. అక్క వీధి చివరిదాకా వెంట వెళ్ళి వచ్చి, లేత్ కింద పొట్టంతా ఊడ్చి పారేసింది. బావ కూచుని తలుపుకి గడియ బిగించాడు. ఎవరూ అడగలేదు.

మర్నాడు గుర్రాన్ని ముద్రమ్మ చేతికిచ్చి, పోస్టాఫీసుకి తప్పు మాదేనని రాసిచ్చాం. టీచరమ్మకి నిజం రాయడానికి నాకు నాలుగు సార్లు పట్టింది. మొదటి మూడింట్లోనూ ఎక్కడో ఒకచోట వాన వచ్చేస్తోంది. చివరికి రెండు వాక్యాలు మిగిలాయి. రెండు రోజులకి జవాబొచ్చింది. “నిజం చెప్పినందుకు సంతోషం. ఇక్కడ మా పోస్ట్‌మాన్‌ని నేను కూడా మాటలన్నాను. వెళ్ళి క్షమాపణ అడగాలి.” గుర్రం గురించి ఒక్క ముక్క కూడా లేదు. నేనెన్నడూ చూడని వీధిలో, నేనెన్నడూ చూడని మనిషి నా మూలంగా తిట్లు తిన్నాడు. అది తలుచుకుంటే ఇవాళ్టికీ తల వంగిపోతుంది.

ఇప్పుడు మా దుకాణంలో గుర్రానికి నెల పడుతుందని ముందే రాసి ఉంటుంది. అడిగేవాళ్ళు తగ్గారు. అప్పుడప్పుడూ ఎర్రక్షరాలు పడుతున్నాయి, పడనీ.

రిటైరయ్యేదాకా ఆ మూడు నెలలూ ముద్రమ్మ మాకు టేపు ఇస్తూనే ఉంది, జంతువేదని అడుగుతూనే ఉంది. కానీ పెట్టె అందుకోగానే చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఊపేది. లోపల చప్పుడు విన్నాకే ముద్ర వేసేది. మమ్మల్ని దెప్పాలని కాదు, అలవాటై చేసేది. అందుకే మరీ కష్టంగా ఉండేది. ఆవిడ వెళ్ళిపోయాక ఆ కౌంటర్లోకి ఎవరెవరో వచ్చారు. వాళ్ళెవరూ ఊపరు. అయినా బావ ఇప్పటికీ పావుకి గుడ్డ కాస్త వదులుగానే చుట్టమంటాడు, ఊపితే వినబడాలని.