దారం మేడం

ఆ టిక్కెట్ల ఆఫీసులో అందరూ ఆవిడను దారం మేడం అంటారు. దూరప్రయాణం అనగానే ఆవిడ ముందు కంప్యూటర్ ముట్టుకోదు. సొరుగులోంచి ఎర్రదారం తీస్తుంది. వెయ్యి కిలోమీటర్లకో ముడి. పాత గ్లోబు మీద ఒక విమానాశ్రయాన్ని ఎడమ బొటనవేలితో అదిమి, రెండోదాని దాకా దారం బిగించి, పెదవులు కదుపుతూ ముడులు లెక్కపెడుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో అప్పటి మేనేజరు గోడమీది మ్యాపుకి చెక్కస్కేలు ఆనించి, "తిన్నని గీతే దగ్గర దారి. ఈ బంతి ఇంటికి పట్టుకెళ్ళి ఆడుకో," అని పదిమందిలో నవ్వాడు. ఆవిడకు తల కొట్టేసినట్టయింది. ఆ స్కేలును పన్నెండేళ్ళుగా భద్రంగా దాచింది.

మొన్న పొద్దున ఆయనే వచ్చాడు, రిటైరై, చేతికర్రతో. భూమికి ఆ చివరనున్న అక్కను చూడాలట.

"తొందరగా చేరే దారి చూడమ్మా, నడుం ఆగదు."

గ్లోబు మీద దారానికి పదమూడు ముడులొచ్చాయి. ఉత్తరధ్రువం దగ్గరి మంచు సముద్రం మీదుగా ఒకే విమానం, పదహారు గంటలు, సీట్లూ ఉన్నాయి. ఆవిడ దారం చుట్టేసి, స్కేలు తీసి, మ్యాపు మీద తిన్నగా గీత గీసింది. ఆ గీత వెంట వెళ్ళాలంటే మూడు విమానాలు మారాలి, ముప్ఫయ్యొక్క గంటలు.

"అమ్మో! ఇంతకన్నా దగ్గర దారి లేదా?"

"గీత తిన్నగానే ఉంది కదండీ. మీరు నేర్పిందే."

ఆయన స్కేలును గుర్తుపట్టాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"మరి ఆ దారం ఏమందమ్మా?"

"దానికేం తెలుసండీ, అది ఆడుకునేది," అంటూ ఆవిడ ముప్ఫయ్యొక్క గంటల టిక్కెట్టును రెండు చేతులతో అందించింది.