జొన్నచేనికి కట్టిన మాట

వనజాక్షికి కోపమొస్తే కల్యాణదుర్గంలో ఆమె టైపు ఇన్‌స్టిట్యూట్ ఉన్న వీధిలో కుక్క కూడా పక్కసందు చూసుకుంటుంది. అయితే ఆ రోజు వచ్చిన కోపం ఊరికే వచ్చింది కాదు.

ఆమె దగ్గర రెండు ముసలి కంప్యూటర్లున్నాయి. రెండూ ఆమె వయసులో ఉన్నప్పుడు కొన్నవి. ఒకటి టీవీకి తగిలించుకునేది. అది ఏది దాచుకున్నా మామూలు టేపురికార్డరు క్యాసెట్లోనే, కీచుమనే శబ్దంగా దాచుకుంటుంది. రెండోది ఫ్లాపీ తప్ప ఇంకోటి ముట్టదు. ఒకదాని రాత ఇంకోదానికి ఎక్కదు, ఎప్పుడూ ఎడమొహం పెడమొహమే. అక్షరం ముక్క రాని నాయన సేద్యం గురించి చెప్పిన మాటలన్నీ ఆమె ఆ మొదటిదాంట్లోనే, ఇంగ్లీషు అక్షరాల తెలుగులో, ఒక్కో మాట ఒక్కో ముక్కగా టైపు చేసి క్యాసెట్టుకెక్కించింది. నాయన పోయాడు. ఆ క్యాసెట్టు మిగిలింది.

దాన్ని ఫ్లాపీలోకి దాటిస్తే, అక్కణ్ణుంచి ఇప్పటి కంప్యూటర్లోకి తేవచ్చు. రెండింటినీ కలిపే వైరు కోసం రేడియోలు బాగుచేసే నబీ రసూల్ ప్రాణం తోడేసి, చివరికి చేయించుకుంది. తీరా కంబదూరులో తమ్ముడు పుల్లన్న ఇంటికి పోయి, అక్కడ దాచిన తన ట్రంకుపెట్టె తెరిస్తే క్యాసెట్టు లేదు.

పాటలేమో అని పెట్టి చూశానని, చెవులు పగిలే కీచుశబ్దం తప్ప ఏమీ లేదని, చెడిపోయిందనుకుని రీలు లాగి జొన్నచేను చుట్టూ కట్టేశానని పుల్లన్న తాపీగా చెప్పాడు. గాలికి రీలు బుర్రుమంటే చిలకలు దిగవు. ఆ చుట్టుపక్కల అందరూ కట్టేదే.

"అడిగేదానికి నోరు పడిపోయిందా నీకు? నాయన మాటలురా అవి."

"దాంట్లో మాట యాడుండాదిక్కా? ఒకటే కీచుమంటాండె."

ఆ జవాబుకు ఆమె ఒళ్లు మండిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా చేలోకి దిగింది. కట్టె కట్టె దగ్గరా ముడి విప్పుతూ తమ్ముణ్ణి, వాడి తెలివిని, ఆ చిలకల్ని, పెట్టెకు తాళం వేయని తనను, ఎవర్నీ వదలకుండా తిట్టింది.

తెగినచోటల్లా నబీ రసూల్ అతికించి, పాత క్యాసెట్టు డబ్బాలోకి చుట్టి ఇచ్చాడు. ఎండకు మాడిన రీలు కదా, మిషను ముక్క తర్వాత ముక్క తప్పంటూ తోసిపారేసింది. వనజాక్షి బల్ల మీద గుద్దింది. ఏడ్చింది కూడా, అదీ కోపంతోనే. ఎన్నిసార్లు తిప్పినా నిలిచింది ఒక్కటే ముక్క. అది వైరు దాటి రెండోదాని తెర మీదికి అక్షరం అక్షరంగా వచ్చింది.

వెంట వచ్చి ఇన్‌స్టిట్యూట్ గుమ్మంలోనే నిలబడిపోయిన పుల్లన్నను ఆమె లోపలికి పిలిచి, గట్టిగా చదివి వినిపించింది.

"గట్టు పక్క రెండు సాళ్లు పిట్టలకని ఇడ్సిపెట్టు. కరువు మనకొక్కరికే రాలేదు."

పుల్లన్న తల దించుకున్నాడు.

"ఈ మాటనేరా," అంది వనజాక్షి, "పిట్టల్ని తోలేదానికి నువ్వు కట్టింది."