గంధం ఎండిన పోర్టులు

పెన్ డ్రైవ్‌తో లినక్స్ ఎక్కించేస్తానని మీటింగులో అన్నది నేనే. నన్నెవరూ అడగలేదు. దువ్వాడ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా అప్పుడే చేరాను. టెంపరరీ పోస్టు. ల్యాబ్‌లో సీడీ డ్రైవులన్నీ చచ్చి పడున్నాయి. దసరా సెలవులవగానే యూనివర్సిటీ ప్రాక్టికల్స్, అవి లినక్స్ మీదే చేయించాలి. ఏం చేద్దామని డిపార్ట్‌మెంట్ హెడ్డు అందరి మొహాలూ చూస్తుంటే నా నోరు ఊరుకోలేదు. "నేను చూసుకుంటాను సార్" అన్నాను. పక్కనున్న ప్రోగ్రామరు బల్ల కింద నా కాలు తొక్కాడు. బయటికొచ్చాక "నీకెందుకు బావా లేనిపోని గోల?" అన్నాడు. నాన్న పోర్టులో కళాసీ పని మానేశాక ఇంట్లో జీతమంటూ తెచ్చేది నేనొక్కణ్ణే. పని తెలిసినవాడినని అనిపించుకుంటే ఉద్యోగం నిలుస్తుందనుకున్నాను.

సెలవులకు ముందు ఆయుధపూజ. స్టీల్ ప్లాంటు చుట్టుపక్కల లేత్ మిషన్ నుంచి ఆటో దాకా ఆ రోజు బొట్టు లేని యంత్రం కనపడదు. మా ల్యాబ్‌కు మాత్రం మినహాయింపు ఎందుకుంటుంది? హెడ్డుగారే కొబ్బరికాయ కొట్టారు. ల్యాబ్ ఊడ్చే పెద్దావిడ గిన్నెలో గంధం కలిపి, ప్రతి సీపీయూకీ బొటనవేలితో గంధం, దానిమీద కుంకుమ పెట్టుకుంటూ పోయింది. మాది క్రైస్తవ కుటుంబం. చెప్పులు విప్పి గుమ్మం దగ్గర నిలబడ్డాను. చేతిలో పెట్టిన కొబ్బరి ముక్క తినలేక, వద్దనలేక జేబులో వేసుకున్నాను. ఎవరైనా చూశారేమోనని ఇంటికెళ్ళే బస్సులో కూడా బెదురుగానే ఉంది. "ఎవల నమ్మకం వాల్లది, నువ్వు నోరెత్తకు" అని అమ్మ నేను చేరిన రోజే చెప్పింది.

సెలవులయ్యాయి. సోమవారం పరీక్ష. శనివారం పొద్దున్నే ల్యాబ్ తెరిచాను. ఇంట్లో కంప్యూటర్ మీద ఆ పెన్ డ్రైవ్ చక్కగా పనిచేసింది. ఇక్కడ మొదటి మిషన్‌లో పెడితే బూట్ ఎర్రర్ అంది. రెండోది అసలు పెన్ డ్రైవ్ ఉన్నట్టే గుర్తించలేదు. మూడోది ఆశపెట్టింది. మెనూ వచ్చింది, డిస్కు చెరిపింది, ఫైళ్ళు కాపీ చేయడం మొదలుపెట్టింది. సగంలో ఆగిపోయి తెరనిండా ఎర్రర్ లైన్లు కక్కింది. ఇప్పుడు దానిలో పాత విండోసూ లేదు, కొత్త లినక్సూ లేదు.

తప్పు పెన్ డ్రైవ్‌దే అనుకుని ఫార్మాట్ కొట్టి దానిలో లినక్స్ మళ్ళీ రాశాను. అదే వరస. బయాస్ సెట్టింగుల్లో మార్చగలిగినవన్నీ మార్చాను. వెనకున్న యూఎస్‌బీ పోర్టుల్లో పెడదామంటే, దొంగల భయానికి సీపీయూలను ఇనుప చట్రాల్లో పెట్టి గోడకు వెల్డింగ్ చేయించారు. అక్కడికి చెయ్యి దూరదు.

అంతలో హెడ్డుగారు తొంగిచూశారు. "అయ్యాయా?"

"అవుతున్నాయి సార్."

"సోమవారం ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందు నా పరువు తీశావంటే మంగళవారం నువ్వు రానక్కర్లేదు." కోపంగా కూడా అనలేదు. టైము చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయారు. నాన్నకు ఏమని చెప్పాలో అప్పుడే మాటలు వెతుక్కోవడం మొదలుపెట్టాను.

పెన్ డ్రైవ్ లాగి చొక్కాకు తుడిస్తే చొక్కామీద పసుపుపచ్చటి గీత పడింది. సెల్‌ఫోన్ వెలుగులో పోర్టులోకి చూశాను. పవర్ బటన్ మీద పెట్టిన గంధం పలచగా ఉండి కిందికి కారింది. దానికిందే పోర్టు. సెలవుల్లో లోపల ఎండి గట్టిపడింది.

కారణం దొరికిందన్న సంతోషం ఒక్క క్షణం కూడా నిలవలేదు. ఎవరికి చెప్పను? మీ పూజ వల్లే ఇలా అయిందని, ఆ రోజు గుమ్మం దాటి లోపలికి రానివాడు చెబితే ఎలా వినపడుతుంది? నోరు మూసుకుని, స్పిరిటూ దూదీ గుండుసూదీ పట్టుకుని కూర్చున్నాను. స్పిరిట్ తగలగానే పైన కుంకుమ కూడా కరిగి కారడం మొదలుపెట్టింది. బొట్టంతా తుడిచేయక తప్పలేదు. రెండు మిషన్లు తుడవడం అయింది. మూడోదాని మీద చెయ్యి వేశాను.

"ఏటి బాబూ, బొట్లు తుడిసేత్తన్నావ్?"

గుమ్మంలో చీపురుతో పెద్దావిడ. దుమ్ము అని చెబుదామనుకున్నాను. ఎర్రటి దూది చేతిలో పెట్టుకుని ఏం దుమ్మంటాను? "కన్నంలో గంధం ఎండిపోయిందమ్మా. పెన్ డ్రైవ్ పనిచేయట్లేదు" అన్నాను. ఈవిడ కిందికెళ్ళి హెడ్డుగారితో ఒక్క మాట అంటే చాలు, నా పని అయిపోయినట్టే.

ఆవిడ చీపురు గోడకానించి లోపలికొచ్చింది. నా మొహం చూడలేదు, దూదినే చూస్తోంది. "నీ ఎదట పెట్టెకే ఎక్కువెట్టాను. కొత్తోడివి, ఉజ్జోగం నిలబడాలనీసి" అంది. తర్వాత గొంతు బాగా తగ్గించింది. "సారుకి సెప్పకు బాబూ. నాదీ పర్మినెంటు కాదు. నా వల్ల పాడైపోనాయంటే తీసీత్తారు."

నేను ఆవిడకు భయపడి చస్తుంటే ఆవిడ నాకు భయపడుతోంది.

"చెప్పను. మీరూ చెప్పకండి" అన్నాను.

దూది తీసుకుని పక్క మిషన్ ముందు కూర్చుంది. నాకన్నా ఒడుపుగా తుడిచింది. నేను మూడోదాన్ని తుడవడం ముగించి దానిలో పెన్ డ్రైవ్ పెట్టాను. కాపీ మళ్ళీ మొదలైంది. ఈసారి సగం దాటింది. అయినా కారిడార్లో చెప్పుల చప్పుడైనప్పుడల్లా ఇద్దరం ఒకేసారి తలుపు వైపు చూశాం.