ద్రాహా తడిగుడ్డ

మా షెడ్డులో టీ వేళకు పాలు ఇచ్చేవాళ్లు. మేం నింపే తుపాకీ మందులో సీసం ఉండేది, దానికి పాలు విరుగుడని కంపెనీ నమ్మకం. రేకు కప్పుల్లో, గోరువెచ్చగా, పైన తొరక కట్టి వచ్చేవి. అప్పటికే మా నోళ్లలో ఒక తీపి ఉండేది. చక్కెర తీపి కాదు, సీసం తీపి. దాని మీద పాలు పోస్తే గొంతులో ఆగిపోయేవి. ద్రాహా ముక్కు మూసుకుని తాగేది. తాగి, తొరకను వేలితో తీసి కప్పు అంచుకు రాసేది. రిటైరయ్యాక ఆమె ఇంట్లో పాలు కనిపించలేదు. దారిలో ఆవు ఎదురైనా మొహం తిప్పుకునేది.

పూర్తి పేరు ద్రాహోమీరా ఒర్సాగోవా. మాది బెచ్వా ఏటి ఒడ్డు. మా ఊళ్లో ఆడపిల్ల బడి ముగించాక గాజు ఫ్యాక్టరీకి పోవాలి, లేదా తుపాకీ మందు ఫ్యాక్టరీకి. గాజు దగ్గర వేడి ఎక్కువని ద్రాహా మందుకు వచ్చింది. ఆమె బల్ల నా బల్ల పక్కనే.

తూటా అడుగున చిన్న రాగి టోపీ ఉంటుంది. తుపాకీలోని సూది దాన్ని పొడిస్తే లోపలి మందు అంటుకుని ఆ నిప్పు తూటాలోకి పోతుంది. ఆ టోపీల్లో మందు నింపడం మా పని. పొడి మందు గోరు గీసినా పేలుతుంది. అందుకని తడిపి ముద్ద చేసి, చిల్లుల పలక మీద వేసి, రబ్బరు బద్దతో రుద్దేవాళ్లం. తడి ఉన్నంతసేపు భయం లేదు. ప్రతి ఒక్కరి నడుముకూ ఒక తడిగుడ్డ వేలాడేది. ఏది ముట్టుకోవాలన్నా ముందు దానికి వేళ్లు అద్దాలి. ఏ పలక మీద అనుమానం వచ్చినా, ఎవరినీ అడక్కుండా, పక్కనున్న నీళ్ల తొట్టిలో ముంచెయ్యాలి.

ఇది మాకు నేర్పింది రోజార్కా అత్త. ఆమె ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు.

"ఒక్కసారి గుడ్డ మర్చిపోయానే అమ్మాయిలూ," అనేది. "వేలు పోయింది. దానికున్న ఉంగరం దూలంలో గుచ్చుకుంది. మా ఆయన వచ్చి ముందు ఉంగరం దొరికిందా అని అడిగాడు."

"మరి దొరికిందా అత్తా?" అంది ద్రాహా, కొత్తలో.

"దొరక్కేం? ఇంకో చేతికి పెట్టుకున్నా. ఆయనే దొరకడం లేదు ఇప్పుడు."

అందరం నవ్వాం. ద్రాహా నవ్వలేదు. గుడ్డను ఇంకోసారి తడుపుకుంది.

ఆఫీసు వసారాలో అద్దాల పెట్టెలు ఉండేవి. మొదటి దాంట్లో చెకుముకి తుపాకీ. రాయి గీసుకుంటే పైన మెరుపు, ఆ తరవాత దెబ్బ. ఆ మెరుపు చూసి పిట్టలు ఎగిరిపోతున్నాయని స్కాట్లండులో వేటంటే ఇష్టమున్న ఒక పాదిరీ, కొడితే పేలే మందును తుపాకీకి తెచ్చాడట. పిట్టకు ఎగిరే వ్యవధి లేకుండా చేసినవాడు ఆదివారం ఏ వాక్యం చదివేవాడో బోర్డు మీద రాయలేదు. రెండో పెట్టెలో రాగి టోపీలు, పాదరసపు మందు. రోజార్కా అత్త వాళ్లమ్మ నింపినవి అవే. ఆ తల్లి పళ్లు ముప్పై ఏళ్లకే ఊడిపోయాయి. మూడో పెట్టెలో మా సీసపు మందు. ఎండి తూటాలో చేరాక వానలో తడిసినా, మంచులో పడినా తప్పకుండా అంటుకోవాలి. అన్ని తరాల తెలివీ ఆ ఒక్కదానికే పోయింది. నాలుగో పెట్టె చాలాకాలం ఖాళీగా ఉండేది.

ఒక క్రిస్మస్‌కు ద్రాహా మరిది లాద్యా ఆఫ్రికా నుంచి వచ్చాడు. ఎక్కడో ఎడారిలో లారీలు నడిపేవాడు. నేనూ ఆ బల్ల దగ్గరే ఉన్నాను. ద్రాహా ప్లమ్ పళ్ల ముద్ద పూసిన పెద్ద రొట్టె కోస్తోంది. లాద్యా జేబులోంచి ఖాళీ తూటా గొట్టం తీసి రొట్టె పక్కన నిలబెట్టాడు.

"వదినా, అడుగు చూడు. మన కంపెనీ గుర్తు. నువ్వు చేసిందే అయ్యుంటుంది."

"ఎక్కడిది?"

"ఒకడి పక్కన దొరికింది. కంగారుపడకు, కడిగే తెచ్చాను."

ద్రాహా కత్తి పక్కన పెట్టింది. లేచి పెరట్లోకి పోయి వాంతి చేసుకుంది. ఆ రొట్టెను మేమెవరం తినలేదు, లాద్యా తప్ప.

తరవాత చాలా రోజులకు, బల్ల దగ్గర, రుద్దుతూ రుద్దుతూ అంది: "ఓటీల్కా, నా చేతులు చేసినదాన్ని ఒక్కదాన్నయినా తినే బల్ల మీద పెట్టుకోగలగాలే. రిటైరయ్యేలోపు ఒక్కటి."

"మేజోళ్లు అల్లి పెట్టుకో," అన్నాను.

"నీ మొహం," అంది.

ప్రభుత్వం మారింది. సైన్యం తూటాలు అడగడం తగ్గించింది. అప్పుడు మా షెడ్డుకు నడిమధ్య గోడ కట్టి, అవతలి సగాన్ని తెల్లగా చేసి, కారు ఎయిర్‌బ్యాగులను అంటించే ముక్కలు చేయడం మొదలుపెట్టారు. అదీ మందే. చిన్న లోహపు గిన్నె, అడుగున వెంట్రుకంత తీగ, తీగ మీద చిటికెడు మందు. కారు గుద్దుకోగానే కరెంటు వస్తుంది, తీగ ఎర్రబడుతుంది, మందు అంటుకుంటుంది, సంచి ఉబ్బి మొహానికి అడ్డం వస్తుంది. నాలుగో పెట్టెలో దాన్ని పెట్టారు. ఇంజినీర్ పెర్నిత్సా దాని ముందు నిలబడి, నిన్నటిదాకా ప్రాణాలు తీశాం, ఇవాళ్టి నుంచి పోస్తాం అన్నాడు. చప్పట్లు కొట్టించాడు. గోడకు ఇవతల మేం టోపీలు నింపుతూనే ఉన్నాం.

ద్రాహా అవతలి వైపుకు అడిగి మరీ వెళ్లింది. మొదటిరోజు వచ్చి నా భుజం పట్టుకుని ఊపింది. "మొహాలు కాపాడటానికే! కడుపుల్లో దిగడానికి కాదు, మొహాలు కాపాడటానికి!" అంది. ఆమె అంత గట్టిగా మాట్లాడటం ఎప్పుడూ వినలేదు.

ఆ షెడ్డులో చుక్క నీరు ఉండకూడదు. చెమ్మ తగిలితే మందు ఆలస్యంగా అంటుకుంటుంది, లేదా అంటుకోదు. గాలిలోని తడిని కూడా మిషను పీల్చేసేది. ఆడవాళ్ల పెదాలు పగిలిపోయేవి. డిసెంబరు మొదట్లో, మందు పనివాళ్లను కాచే పునీతురాలు బార్బొరా పండుగకు, మేం చెర్రీ కొమ్మలు కోసి నీళ్లలో పెడతాం. క్రిస్మస్ లోపు ఎవరి కొమ్మ పూయకపోతే వాళ్లకు ఆ ఏడు మందుతో ముప్పు. పండుగలంటే గిట్టని కమ్యూనిస్టు పార్టీ రోజుల్లో కూడా ఆ కొమ్మల జోలికి ఎవరూ రాలేదు. పొడి షెడ్డులోకి మాత్రం రానివ్వలేదు. ద్రాహా తన కొమ్మను తెచ్చి నా బకెట్లో పెట్టింది.

"ప్రాణాలు పోసే చోట పువ్వు పనికిరాదట," అంది.

"ఇక్కడ పూస్తుందిలే. ఇక్కడ అన్నీ పూస్తాయి," అన్నాను.

పొడి మందు ముందు కూర్చోవడం మాలాంటివాళ్లకు ఎలా ఉంటుందో ఇంజినీర్లకు అర్థం కాదు, వాళ్లకు చెప్పినవాళ్లూ లేరు. ఎండిన మందు వాసన తగిలితే వేళ్లు వాటంతటవే గుడ్డ కోసం నడుము దగ్గరికి పోతాయి. అక్కడ గుడ్డ లేకపోతే గిన్నె ముట్టుకోలేం. ద్రాహా ఒక చిన్న తడిగుడ్డను అప్రాన్ లోపలి జేబులో పెట్టుకుంది. గిన్నె ముట్టుకునే ప్రతిసారీ జేబులో వేళ్లు అద్దుకుంది. అది తప్పని ఆమెకు అనిపించలేదు. పనిలో చేరినప్పటి నుంచీ నేర్చిన జాగ్రత్త అది.

గిన్నెలను పలకల్లో పేర్చి, మూతలు వేసే ముందు కొన్నింటిని తీసి పేల్చి చూస్తారు. ఆ వారం తీసినవాటిలో కొన్ని ఆలస్యంగా పేలాయి. రెప్పపాటే. ఆ రెప్పపాటులో మొహం స్టీరింగు మీదికి పోతుంది. ఒకటి అసలు పేలలేదు.

ద్రాహా తలుపు తెరిచి నేరుగా పెర్నిత్సా గదికి వెళ్లింది. ఆ గది గోడ సగం అద్దమే. నేను మా షెడ్డు కాగితాలు ఇవ్వడానికి వచ్చి తలుపు దగ్గర నిలబడిపోయాను. ఆమె జేబులోంచి గుడ్డ తీసి ఆయన బల్ల మీద పెట్టింది.

"ఇంజినీర్ గారూ, తడి నాది. ఈ వారం నేను ముట్టిన పలకలన్నీ పారెయ్యండి."

ఆయన గుడ్డను పెన్నుతో పక్కకు నెట్టాడు. "ఎవరైనా చూశారా?"

"లేదు."

"అయితే గుడ్డ లేదు, ఒర్సాగోవా గారూ." సొరుగులోంచి చాక్లెట్ల డబ్బా తీసి జరిపాడు. "తీసుకోండి. మళ్లీ పరీక్ష చేయించాను. పై పలకల నుంచి తీశాం. అన్నీ బాగానే పేలాయి."

"పై పలకలు నావి కావు. కింద ఉన్నవి నావి."

"కొనేవాళ్లు శుక్రవారం వస్తున్నారు. ఈ సరుకు లేదంటే గోడ పగలగొట్టి అందరం ఇళ్లకు పోవాలి. మీ ఓటీల్కా గారు కూడా."

"ఎవరి మొహమో పగులుతుంది."

"ఎవరిదో," అన్నాడు పెర్నిత్సా. ఒక చాక్లెట్ కాగితం విప్పి నోట్లో వేసుకున్నాడు. "మనకు తెలిసినవాళ్లది కాదు కదా."

అతను నమలడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. పళ్ల సందున నల్లటి ముద్ద.

నేను బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. కాసేపటికి గోడలోని తలుపు తెరుచుకుంది. ద్రాహా రెండు చేతులతో పలకల దొంతర మోసుకుని వచ్చింది. అడుగులు మెల్లగా వేస్తోంది, మాకు నేర్పినట్టే.

"జరుగు ఓటీల్కా."

"ఏంటవి?"

"అనుమానం వచ్చినవి."

నేను జరిగాను. ఆమె పలకలను ఒక్కొక్కటే తొట్టిలో ముంచింది. ఒక్కో పలక నుంచి సన్నని బుడగలు లేచాయి. మళ్లీ తలుపులోంచి పోయి, మళ్లీ దొంతరతో వచ్చింది. అవతల ఎవరో కేక వేశారు. మా వైపు ఒక్కరూ ఆమెను ఆపలేదు. అనుమానం వచ్చినదాన్ని ముంచేవాళ్ల చెయ్యి పట్టుకోకూడదు, అది మా షెడ్డు పద్ధతి. పెర్నిత్సా పరుగెత్తుకుంటూ వచ్చేసరికి చివరి పలక మునుగుతోంది. అతను తొట్టిలోకి చూశాడు, ఆమెను చూశాడు. చొక్కా చేతులు పైకి లాగాడు గానీ చెయ్యి పెట్టలేదు. సీసపు నీళ్లు.

కొనేవాళ్లు వచ్చారు, సరుకు ఒక వారం వాయిదా వేశారు, అంతే. గోడ అలాగే ఉంది. ఎవరూ ఇంటికి పోలేదు. ద్రాహాను మాత్రం ఇవతలి వైపుకు పంపారు. పద్ధతి పాటించనివాళ్లకు ప్రాణాలు పోసే పని ఇవ్వరట. తూటాల పనికి ఆ పట్టింపు లేదు. ఆమె మళ్లీ నా పక్కన కూర్చుని చిల్లుల పలక మీద రబ్బరు బద్దతో రుద్దడం మొదలుపెట్టింది. నోట్లో తీపి తిరిగి వచ్చింది. పాలు వచ్చాయి. మునిగిన పలకలు తొట్టి అడుగున అలాగే ఉన్నాయి.

క్రిస్మస్‌కు ముందు ఆమె కొమ్మ పూసింది. మా అందరి కొమ్మలకంటే ముందు, తెల్లగా, గుత్తులు గుత్తులుగా. ద్రాహా దాన్ని చూసి మొహం చిట్లించింది. మురికి గుడ్డను చూసినట్టు చూసింది.

ఆ మధ్యాహ్నం పెర్నిత్సా టై కట్టుకుని మా షెడ్డులోకి వచ్చాడు. ఆఫీసులో కొనేవాళ్లకు విందు.

"అబ్బా, ఎంత బాగా పూసింది! ఎవరిది?"

అందరం పలకల మీద రుద్దుతూనే ఉన్నాం.

"అతిథుల బల్ల మీద పెడతాను. మన పనివాళ్ల కొమ్మ అని చెబుతాను. ప్రాణం పోసే చేతులు అని నాలుగు మాటలు..." చెయ్యి చాపాడు.

ద్రాహా లేచింది. బకెట్లోంచి కొమ్మ తీసింది. ఇస్తుందనే అనుకున్నాను. ఇటు తిరిగి దాన్ని తొట్టిలో, ఆ పలకల మీద, పువ్వులు కిందికి ఉండేలా ముంచి అరచేత్తో అదిమింది. తెల్ల రేకులు కొన్ని విడిపోయి బూడిదరంగు నీళ్ల మీద తేలాయి.

"నీళ్లు తగిలిన సరుకు, ఇంజినీర్ గారూ," అంది. "బల్ల మీద పెట్టకూడదు."

వేళ్లు గుడ్డకు అద్దుకుని కూర్చుంది. పక్కనున్న పాలకప్పు మీద తొరక కట్టింది. ఆమె దాన్ని తోసేసి పలకను దగ్గరికి లాక్కుంది.