అవతలి పార్టీ బ్యాలెట్ అడిగిన మార్చి నెల

మొన్న ముగ్గురం కలిసి ఫోన్‌లో ఉన్నప్పుడు మీ ఇద్దరి వాదన విన్నాను. పార్టీలు తమ అభ్యర్థుల్ని ఎంచుకునే ప్రైమరీలో పార్టీ మారి ఓటేసేవాళ్ళే నవంబర్ ఫలితాన్ని తేలుస్తారని శాన్ రామన్ నుంచి పెద్ద మనవరాలు, అదంతా ఒట్టి మాటని సన్నీవేల్ నుంచి చిన్న మనవడు. నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగినా ఫోన్‌లో చెప్పగలిగేదాన్ని కాదు. అందుకే రాస్తున్నాను.

ఇక్కడ ఇర్వింగ్‌లో మీ పిన్ని దగ్గర ఉంటూ సిటిజన్ పరీక్షకు చదివేటప్పుడు, లైబ్రరీలో ఒకావిడ మాకు ఇంగ్లీషు నేర్పేది. రిటైరైన స్కూలు టీచరు. నాకన్నా రెండేళ్ళు చిన్న. నేను తప్పు మాట్లాడితే నవ్వేది కాదు, నేనే నవ్వితే మాత్రం తనూ కలిసి నవ్వేది. నేను సిటిజన్‌గా ప్రమాణం చేసిన రోజు సెలవు పెట్టుకున్న చుట్టంలా వచ్చి పక్కన కూర్చుంది. ఆవిడ మా కౌంటీ సీటుకి పోటీ చేస్తున్నానని చెప్పినప్పుడు, "నా మొదటి ఓటు మీకే" అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

మాట తప్పాలని నాకు లేదు. కానీ పొద్దున్నే చెరువు చుట్టూ నడిచే ఆడవాళ్ళం ఐదుగురం ఉన్నాం. అందులో కరీంనగర్ ఆవిడకి రాజకీయాలంటే ప్రాణం.

"టీచరమ్మకి వాళ్ళ పార్టీల పోటీయే లేదక్కా. ప్రైమరీల ఆమెకేసినా ఒకటే, వెయ్యకున్నా ఒకటే" అంది. "అవతలి పార్టీల ఇద్దరున్నరు. ఒకాయన నెమ్మదస్తుడు, గట్టోడు. ఇంకొకడు ఒట్టి అరుపులోడు. మనం పోయి అరుపులోన్ని గెలిపిస్తే, నవంబర్ల వాన్ని టీచరమ్మ అల్కగ ఓడగొడ్తది."

"పక్కింటివాళ్ళ అల్లుణ్ణి మనం ఎంచడమేంటి వదినా?" అంది గుంటూరు నుంచి వచ్చినావిడ.

"ఎంచుడు కాదు, చెడగొట్టుడు" అంది కరీంనగర్ ఆవిడ. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

టెక్సాస్‌లో ప్రైమరీకి ఎవరైనా ఏ పార్టీ బ్యాలెట్ అయినా అడగొచ్చు, ఒక్కటే అడగాలి. మార్చిలో పోలింగ్ కేంద్రానికి వెళ్తే, బల్ల దగ్గరి అమ్మాయి "ఏ పార్టీ?" అని అందరికీ వినబడేలా అడిగింది. ఊళ్ళో ఇన్నేళ్ళు ఓటేశాను, నన్నెవరూ అలా అడగలేదు. అవతలి పార్టీ పేరు మెల్లగా చెప్పాను. అరిచే ఆయన కొద్ది తేడాతో గెలిచాడు. ఆ ఆదివారం కరీంనగర్ ఆవిడ మా అందరికీ సర్వపిండి చేసి పెట్టింది.

ఎండలు తగ్గి సెప్టెంబర్ వచ్చేసరికి మా మెయిల్‌బాక్సులో అరిచే ఆయన కార్డులు పడడం మొదలైంది. నా పేరు అచ్చేసి మరీ.

"అమ్మా, వీళ్ళకి నీ పేరెలా తెలుసు?" అంది మీ పిన్ని.

"అందరికీ వేస్తారేమోనే" అన్నాను.

టీచర్ గారి మనుషులు ఓట్లడుగుతూ మా వీధంతా తలుపులు కొట్టారు. మా తలుపు మాత్రం కొట్టలేదు. ఇంట్లో లేనప్పుడు వచ్చారేమో అనుకున్నాను. నవంబర్లో ఆవిడకే వేశాను. ఆవిడ ఓడిపోయింది. అదీ కొద్ది తేడాతోనే.

మర్నాడు చెరువు చుట్టూ నడక మొదలుపెట్టాం. కాసేపటికి గుంటూరు ఆవిడ ఆగిపోయింది.

"నేనొకటి చెప్తాను, తిట్టకండి. నేను అతనికే వేశాను."

"మార్చిలనా?" అంది కరీంనగర్ ఆవిడ.

"నిన్న కూడా. ఇన్ని కార్డులు పంపాడు కదా వదినా, పేరు రాసి మరీ పిలిచాడు. వెయ్యకపోతే ఏం బాగుంటుంది?"

పెళ్ళి శుభలేఖ అందుకున్నాక వెళ్ళకపోతే బాగుండదన్నట్టే చెప్పింది. ఇంకొకావిడ తలెత్తకుండా, "నేనూ అంతే" అంది. చెరువు గట్టున బెంచీ మీద కూర్చుండిపోయాను. మేం ఐదుగురం అవతలి పార్టీలోకి దాటి వెళ్ళాం, ముగ్గురమే తిరిగొచ్చాం. ఊరంతా మాలాంటి గుంపులు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఎంతమంది తిరిగొచ్చారో నాకెలా తెలుస్తుంది?

తర్వాతి మంగళవారం లైబ్రరీకి వెళ్ళాను. క్లాసు అయ్యాక అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి, "మీకొకటి చెప్పాలి" అన్నాను. ఆవిడ ఇంగ్లీషులో అన్నవి మీకు తెలుగులో చెప్తున్నాను.

"నాకు తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"నువ్వు అవతలి బ్యాలెట్ అడిగావని. ఎవరికి వేశావో రహస్యమే. ఏ పార్టీ బ్యాలెట్ అడిగావో మాత్రం జాబితాలో ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు. మార్చిలోనే చూశాను. నిన్ను ఇబ్బంది పెట్టొద్దని, నీ తలుపు కొట్టొద్దని మా వాళ్ళకి నేనే చెప్పాను."

ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలలూ ఆవిడ నాకు పాఠం చెప్తూనే ఉంది, నేను మాట తప్పానని తెలిసి కూడా. ఆ కార్డుల మీద నా పేరు ఎలా పడిందో అప్పుడు తెలిసింది. మా పథకం మొత్తం వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పేశాను. నవంబర్లో మీకే వేశాను అని రెండుసార్లు చెప్పాను.

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది.

"ఆ నెమ్మదస్తుడి చేతిలోనూ ఓడిపోయేదాన్నేమో" అంది. "కానీ ఓడిన మర్నాడు ఆయనకి అభినందనలు చెప్పడానికి ఫోన్ చేయగలిగేదాన్ని. ఇతనికి చేయలేను."

"మీ మేలు కోసమే..."

"నా కోసం తెలివి వాడమని అడగలేదు. ఓటు అడిగాను."

క్షమించారా అని అడగడానికి నాకు ఏ భాషలోనూ ధైర్యం రాలేదు. వచ్చే మంగళవారం రావచ్చా అని మాత్రం అడిగాను. క్లాసు అందరిదీ, రావచ్చు అంది.

వెళ్తున్నాను. తప్పులు ఇప్పటికీ ఓపిగ్గానే దిద్దుతుంది. కిందటి వారం నేనొక మాట తప్పుగా పలికి, అలవాటు కొద్దీ నవ్వాను. ఆవిడ నవ్వలేదు, సరైన మాట బోర్డు మీద రాసింది.