తెక్కలకోటలో జెండా పాట

జెండా కొయ్య ఒకటి, కుర్చీలు నాలుగు, వాటికి పోటీపడే పెద్దలు తొమ్మిదిమంది, పాడడానికి వచ్చిన ముసలి దంపతులు ఇద్దరు. బళ్ళారి జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసిన మరుసటి ఏడు, ఆగస్టు పదిహేనున, కాలవ పని ముగించుకుని బస్సు కోసం చూస్తూ తెక్కలకోటలో ఈ సభకు చిక్కాను.

ఈరప్ప తప్పెట కొట్టి పాడేది తెల్లదొరలను ఎదిరించిన ఒక పాళెగాడి కథ. ఒక చరణం అతను తెలుగులో పాడితే, తర్వాతి చరణం భార్య గంగమ్మ కన్నడంలో అందుకుంటుంది. తాతలనాటి నుంచి ఆ పాట నడక అదే. వేదికెక్కి పాడమని వాళ్ళను పిలవడం మాత్రం అదే మొదటిసారి. గంగమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది.

"తెలుగులోనే పాడప్పా," అన్నాడు అధ్యక్షుడు.

"ఇది మైసూరు రాజ్య. కన్నడదల్లే హాడబేకు!" అని, కన్నడంలోనే పాడాలంటూ కార్యదర్శి లేచాడు.

ఈరప్ప తల గోక్కున్నాడు. "నేనొక్కణ్ణే పాడితే పాళెగాడు కోట ఎక్కుతాడు సామీ. దిగేది మా ఆడది పాడాల. లేకుంటే వాడు ఆడే ఉండిపోతాడు."

"ఉండిపోతే తెల్లోళ్ళు పట్టుకుంటారు గదప్పా!" అంది గంగమ్మ.

పెద్దలు గుసగుసలాడి, ఎవరి మనసూ నొప్పించని తీర్పు చెప్పారు: తప్పెట ఒక్కటే కొట్టాలి.

"మాటలు లేకుంటే అది పాటేందప్పా?" అంది గంగమ్మ.

"దేశభక్తి ఉండాది గదా, చాల్లే," అన్నాడు అధ్యక్షుడు.

ఈరప్ప కొట్టాడు. గంగమ్మ పక్కనే నోరు మూసుకుని నిలబడింది. ఆ తర్వాత జాతీయ సమైక్యత మీద రెండు గంటలు ఉపన్యాసాలు సాగాయి. ఆ పాటలో జనం విన్న మాటలు సున్నా.